మెట్టు దిగిన మర్నాడు



వెనకటి రైల్వే స్టేషన్లలో ఒక చప్పుడు వినిపిస్తూ ఉండేది. టక్కు, టకటక, టక్కు. అది తంతి యంత్రం చప్పుడు. ఆ టకటకల్ని చెవితో పట్టుకుని కాగితం మీద అక్షరాలుగా పెట్టే ఉద్యోగిని సిగ్నలర్ అనేవారు. 1924లో పురుషోత్తమ్‌లాల్ ధింగ్రా అలాంటి సిగ్నలర్‌గా రైల్వేలో చేరారు. ఒక్కో మెట్టే ఎక్కారు. ఇరవై ఆరేళ్లకు, 1950లో, చీఫ్ కంట్రోలర్ అయ్యారు. మరుసటి ఏడాది ఇంకో మెట్టు. రైల్వే తంతి విభాగంలో అసిస్టెంట్ సూపరింటెండెంట్. టకటకలు వింటూ మొదలైన మనిషి ఆఫీసరు కుర్చీలో కూర్చున్నారు.

రెండేళ్లు గడిచాయి. 1953 ఆగస్టులో ఒక కాగితం వచ్చింది. కుర్చీ ఖాళీ చేసి పాత తరగతికి వెళ్లిపోవాలి. ధింగ్రా పని బాగాలేదని పై అధికారులు రహస్య నివేదికలో రాశారు. లోపాలు దిద్దుకునేదాకా కిందే ఉండాలని జనరల్ మేనేజర్ తేల్చారు.

దీన్ని ఆఫీసు భాషలో రివర్షన్ అంటారు. పత్రికల్లో పదావనతి అని రాస్తారు. కుర్రకారు డిమోషన్ అంటారు. ఇంట్లో పెద్దవాళ్లయితే గొంతు తగ్గించి, కింద పోస్టుకి దించేశారట అంటారు. పేరు ఏదైనా సంగతి ఒకటే. ఎక్కిన మెట్టు దిగమనడం.

శ్రోతలారా, ఆ ఆర్డరు అందిన మర్నాటి ఉదయాన్ని ఒక్కసారి ఊహించండి. అదే ఆఫీసు, అవే మెట్లు. ఎదురుపడ్డ అటెండరు లేచి నిలబడాలో, కూర్చునే ఉండాలో తేల్చుకోలేక సగం లేస్తాడు. నిన్నటిదాకా సంతకం కోసం ఫైళ్లు పట్టుకొచ్చిన సహోద్యోగి ఇవాళ పక్క సీటు. గది తలుపు మీద పేరు పలక లేదు. స్క్రూలు ఊడదీసిన చోట రెండు చిన్న రంధ్రాలు మాత్రం మిగిలాయి. జీతంలో ఎంత తగ్గుతుందో కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. సగం లేచిన అటెండరుని ఏ లెక్కలో వేసుకోవాలి?

పైగా మన ఇళ్లలో హోదా ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోదు. ఊళ్లో మనిషిని పేరుతో కంటే పోస్టుతోనే ఎక్కువ పిలుస్తారు. సూపరింటెండెంటు గారు, హెడ్మాస్టారు, డీఈ గారు. ఉద్యోగం అయిపోయిన ఇరవై ఏళ్లకు కూడా గేటు మీద రిటైర్డ్ తహసీల్దారు అనే పలక ఉంటుంది. శుభలేఖలో తండ్రి పేరు కింద ఉద్యోగం అచ్చు వేయిస్తారు. కూతురి పెళ్లి కుదిరిన నెలలోనే రివర్షన్ ఆర్డరు వస్తే, ఆ తండ్రి శుభలేఖలో ఏం వేయించాలి? పాత హోదా వేయిస్తే అబద్ధం. కొత్తది వేయిస్తే వియ్యాలవారి ముందు జవాబు చెప్పుకోవాలి.

ఈ దెబ్బ ఎంత లోతుకు దిగుతుందో రాజ్యాంగం రాసినవాళ్లకు తెలుసు. 311వ అధికరణం తీసి చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. ప్రభుత్వోద్యోగి విషయంలో మూడు పనుల్ని ఆ అధికరణం ఒకే వరుసలో పెట్టింది. డిస్మిస్ చేయడం, ఉద్యోగంలోంచి తొలగించడం, హోదా తగ్గించడం. ఉద్యోగం తీసేయడం ఎక్కడ, ఒక మెట్టు దించడం ఎక్కడ అనిపించవచ్చు. కానీ అవి పక్కపక్కనే ఉన్నాయి. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలో కూడా డిస్మిస్ అన్న మాట పక్కనే హోదా తగ్గింపు ఉంది. ఈ మూడింటిలో ఏది చేయాలన్నా ముందు విచారణ జరగాలి. ఏం తప్పు చేశాడో ఉద్యోగికి చెప్పాలి. అతని మాట వినాలి.

ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. తప్పేమిటో చెప్పాలి, మాట వినాలి. ఈ ప్రసంగమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు ధింగ్రా దగ్గరికి వద్దాం. ఆయన కోర్టుకు వెళ్లారు. నాకు ఛార్జిమెమో ఇవ్వలేదు, విచారణ జరపలేదు, దించేశారు, ఇది శిక్ష కాదా అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1957 నవంబరు 1న తీర్పు వచ్చింది. ధింగ్రా ఓడిపోయారు.

ఎందుకు ఓడిపోయారు? ఆ ఆఫీసరు పోస్టులో ఆయనది తాత్కాలిక నియామకం. ఆఫీసుల్లో అఫీషియేటింగ్ అంటారు. ఆ కుర్చీ మీద ఆయనకు హక్కు లేదు కాబట్టి, హక్కు లేని చోట నుంచి వెనక్కి పంపడం శిక్ష కాదని ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ రాశారు. ధర్మాసనంలోని ఐదుగురిలో నలుగురిది అదే మాట. ఒక్క వివియన్ బోస్ మాత్రం ఒప్పుకోలేదు. లోపాలు దిద్దుకునేదాకా కిందే ఉండమని రాశాక అది శిక్ష కాకుండా ఎలా పోతుందన్నది ఆయన వాదన. ధింగ్రా వైపు నుంచి చూస్తే బోస్ మాటే గుండెకు తగులుతుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో రెండేళ్లు ఆఫీసరుగా పనిచేసిన మనిషికి, ఆ కుర్చీ నీది కానే కాదు అని చెబితే సరిపోతుందా?

అయితే ఓడిపోయిన ఆ కేసే తర్వాతి ఉద్యోగులందరికీ ఒక కొలబద్ద ఇచ్చి పోయింది. రివర్షన్ వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ పోస్టు మీద ఉద్యోగికి హక్కు ఉందా? లేకపోయినా, దించడం వల్ల జీతానికి, సీనియారిటీకి, రేపటి ప్రమోషన్‌కు దెబ్బ తగిలిందా? ఈ రెండింటిలో ఏ ఒక్కదానికి అవును అని జవాబు వచ్చినా అది శిక్షే. శిక్ష అయితే విచారణ జరపాల్సిందే.

ఆ కొలబద్దతో గెలిచినవాళ్లూ ఉన్నారు. పంజాబ్‌లో వాధ్వా అనే ఐపీఎస్ అధికారి జిల్లా ఎస్పీ స్థాయిలో తాత్కాలికంగా పనిచేస్తున్నారు. ఆయన మీద ఆరోపణలతో ఛార్జిషీటు ఇచ్చారు. విచారణ తేలకుండానే అసిస్టెంట్ సూపరింటెండెంటుగా వెనక్కి పంపారు. ఆయనకంటే జూనియర్లు పై పోస్టుల్లోనే ఉన్నారు. 1963లో సుప్రీంకోర్టు దీన్ని శిక్షగానే తేల్చింది. పైకి మామూలు రివర్షన్‌లా కనిపించినా లోపల ఉన్నది శిక్షే అంది. ఆరోపణ చేసి, దాన్ని తేల్చకుండా, చేతికి దొరికిన తోవలో మనిషిని దించకూడదు.

ఇంకో కేసులో ఉన్న హోదా పేరు వింటే మీరు ఆశ్చర్యపోతారు. అసిస్టెంట్ లోకస్ట్ వార్నింగ్ ఆఫీసర్. మిడతల దండు వస్తుందేమో కనిపెట్టి ముందే హెచ్చరించే ఉద్యోగం. ఎడారి వైపు నుంచి వచ్చే మిడతలు ఒక్క పూటలో పచ్చని చేను నమిలేస్తాయి కాబట్టి కేంద్ర ప్రభుత్వానికి అలాంటి విభాగం ఒకటి ఉంది. అందులో ఆ హోదాలోనే నేరుగా నియమితులైన న్యాదర్‌సింగ్‌ను శిక్షగా జూనియర్ టెక్నికల్ అసిస్టెంటుకు దించారు. ఆయన ఎన్నడూ చేయని ఉద్యోగం అది. 1988లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. మనిషి ఏ మెట్టు మీద ఉద్యోగంలోకి అడుగుపెట్టాడో, శిక్ష పేరుతో దానికంటే కిందికి దించడానికి వీల్లేదు. ఎక్కిన మెట్లు దిగమనవచ్చు. గుమ్మం బయటికి నెట్టి, ఇదీ మెట్టే అనకూడదు.

మన రాష్ట్రాల సంగతికి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉద్యోగులందరికీ తెలిసిన పేరు సీసీఏ రూల్స్. 1991 నాటి క్రమశిక్షణ నిబంధనలు. ఇంక్రిమెంటు తాత్కాలికంగా ఆపడం చిన్న శిక్షల్లోకి వస్తే, హోదా తగ్గింపు పెద్ద శిక్షల్లోకి వస్తుంది. ఛార్జిమెమో ఇస్తారు. అందులో ఆరోపణలు, వాటికి ఆధారమైన కాగితాల పట్టిక, సాక్షుల పేర్లు ఉండాలి. ఉద్యోగి జవాబు రాసుకోవచ్చు. సాక్షుల్ని ఎదురు ప్రశ్నించవచ్చు. శిక్ష పడ్డాక అప్పీలు చేసుకోవచ్చు. ఛార్జిమెమో అందగానే చాలామంది భయంతో ఒక తప్పు చేస్తారు. కాగితాలు అడగరు. ఎవరో చెప్పారని నాలుగు ముక్కల్లో క్షమాపణ రాసి ఇచ్చేస్తారు. ఆ తర్వాత విచారణలో నోరు విప్పితే, ముందే ఒప్పుకున్నావుగా అంటారు. అందుకే ఇదొకటి గుర్తుంచుకోండి. ముందు కాగితాలు అడగాలి. తర్వాతే జవాబు రాయాలి.

ఈ విషయంలో హైదరాబాద్‌కు ఒక ప్రత్యేక స్థానం ఉంది. ఇక్కడి ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ పేరు అనగానే నగరంలో చాలామందికి బస్సు బోర్డు గుర్తుకొస్తుంది. దేశమంతటా సర్వీసు కేసులు వాదించే న్యాయవాదులకు మాత్రం ఆ పేరు వింటే 1993 నాటి తీర్పు గుర్తుకొస్తుంది. అసలు ఏం జరిగిందంటే, మొదట్లో ఉద్యోగికి రెండుసార్లు మాట్లాడే అవకాశం ఉండేది. ఆరోపణ మీద ఒకసారి, వేయబోయే శిక్ష మీద ఇంకోసారి. 1976లో 42వ సవరణ ఆ రెండో అవకాశాన్ని తీసేసింది. దాంతో విచారణాధికారి నివేదికలో ఏం రాశారో ఉద్యోగికి తెలియకుండానే శిక్ష వేసేసే పరిస్థితి వచ్చింది. ఈసీఐఎల్‌కు, దాని ఉద్యోగి కరుణాకర్‌కు మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దానికి అడ్డుకట్ట వేసింది. శిక్ష నిర్ణయించక ముందే నివేదిక ప్రతి ఉద్యోగి చేతికి ఇవ్వాలి, దాని మీద అతను చెప్పుకునేది వినాలి అంది. నీ మీద ఏం రాశారో నువ్వు చదవాలి అన్నంత మామూలు మాట అది. దానికోసం అంత పెద్ద ధర్మాసనం కూర్చోవాల్సి వచ్చింది.

ఇప్పటిదాకా కాగితం మీద కనిపించే దింపుడు గురించి చెప్పుకున్నాం. కాగితం మీద కనిపించనిది ఇంకోటి ఉంది. దాని పేరు లూప్‌లైన్.

రైలు ప్రయాణంలో మీకూ ఎదురయ్యే ఉంటుంది. వెళ్తున్న రైలు ఏదో చిన్న స్టేషన్లో పక్క పట్టాల మీదికి మళ్లుతుంది. అక్కడ ఆగిపోతుంది. ఎక్స్‌ప్రెస్ ఒకటి పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోతుంది. మన రైలు ఇంజను బాగానే ఉంటుంది, పెట్టెలూ బాగానే ఉంటాయి, కదలదంతే. ఆఫీసుల్లో, ముఖ్యంగా పోలీసు శాఖలో, ఫలానా ఆయన్ని లూప్‌లైన్లో పెట్టారు అంటే అర్థం ఇదే. హోదా అదే, జీతం అదే, చేతిలో పని ఉండదు. కొందరిని శంకరగిరి మాన్యాలు పట్టిస్తారు. ఇంకొందరికి ఊళ్లోనే ఖాళీ బల్ల ఇస్తారు. జీతం తగ్గలేదు, కేడర్ మారలేదు కాబట్టి దీన్ని హోదా తగ్గింపు అని కోర్టులో నిరూపించడం చాలా కష్టం. తప్పేమిటో ఎవరూ చెప్పరు కాబట్టి జవాబు చెప్పుకునే చోటే ఉండదు. ఆర్డరు ఇచ్చి దించడం కంటే ఇదే ఎక్కువ క్రూరమని చెప్పక తప్పదు.

జపాన్లో ఇలాంటివాళ్లకు ఒక పేరే ఉంది. కిటికీ పక్క జనం అని అర్థం వచ్చే మాట. అక్కడి పెద్ద కంపెనీల్లో ఒకసారి చేరితే రిటైరయ్యేదాకా ఉద్యోగం అనే ఆనవాయితీ ఉండేది. తీసేయడం కుదరదు కాబట్టి, అక్కర్లేదనుకున్న ఉద్యోగికి కిటికీ పక్కన బల్ల వేసేవారు. పేపరు చదువుకుంటూ, బయటికి చూస్తూ సాయంత్రం చేయాలి.

సోవియట్ యూనియన్లో అయితే ఇది ఇంకా బాహాటంగా జరిగింది. స్టాలిన్ చనిపోయాక 1953లో గియోర్గి మలెన్‌కోవ్ ఆ దేశ ప్రధాని అయ్యారు. రెండేళ్లకు ఆయన్ని ఆ పదవి నుంచి దించి విద్యుత్ కేంద్రాల మంత్రిని చేశారు. 1957లో అదీ పోయింది. దూరాన కజక్‌స్తాన్లో ఒక జలవిద్యుత్ కేంద్రానికి మేనేజరుగా పంపారు. దేశాన్ని ఏలిన మనిషి, ఆ తర్వాత దేశంలోని కరెంటుకంతా మంత్రి, చివరికి ఒక్క కేంద్రానికి మేనేజరు. అదే ఏడాది మొలొటోవ్‌ను, యుద్ధకాలంలో విదేశాంగ మంత్రిగా ప్రపంచమంతా ఎరిగిన ఆయన్ని, మంగోలియాకు రాయబారిగా పంపారు.

శ్రోతలారా, ఏ తప్పూ చేయకుండా మెట్టు దిగాల్సి వచ్చినవాళ్లూ ఉన్నారు. పక్కనున్న కర్ణాటకలో అదే జరిగింది. రిజర్వేషన్ ద్వారా ప్రమోషన్ పొందిన ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సీనియారిటీని కాపాడే చట్టంలోని కీలక సెక్షన్లను 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. సీనియారిటీ జాబితాలు తిరగరాశారు. ఎన్నో ఏళ్లుగా పై పోస్టుల్లో పనిచేస్తున్నవాళ్లు కింది పోస్టులకు రావలసి వచ్చింది. ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. దాన్ని 2019 మేలో అదే సుప్రీంకోర్టు సమర్థించింది. రిజర్వేషన్ల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఒక్క సంగతి ఆలోచించండి. ఆ మధ్యకాలంలో దిగినవాళ్ల పని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. వాళ్లకు ఛార్జిమెమో లేదు, ఆరోపణ లేదు. మర్నాడు అటెండరు సగం లేవడం మాత్రం అందరికీ ఒకటే.

ఇక తమంతట తాము మెట్టు దిగేవాళ్ల గురించి చెప్పుకోవాలి. వీళ్ల గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం.

1922 నుంచి అమల్లో ఉన్న ఫండమెంటల్ రూల్స్‌లో దీనికి చోటు ఉంది. ఉద్యోగి రాతపూర్వకంగా కోరుకుంటే తక్కువ జీతం ఉన్న పోస్టుకు మార్చవచ్చు. అంటే నూరేళ్ల కిందటే, మనిషి కోరి కిందికి దిగవచ్చునని నిబంధన రాసినవాళ్లు ఊహించారు. కొన్ని బ్యాంకుల్లో ఆఫీసరు ప్రమోషన్ తీసుకున్న క్లర్కు, నిర్ణీత గడువులోగా మళ్లీ పాత సీటు కోరుకోవచ్చు. ఊరు వదలాల్సి వస్తుందని, ముసలి తల్లిదండ్రుల్ని చూసుకోవాలని, ప్రమోషనే వద్దని రాసిచ్చే టీచర్లు మన జిల్లాల్లో ఉన్నారు. క్లాసులో పిల్లల మధ్య వెలిగిపోయే మాస్టారు హెడ్మాస్టరు గదిలో బిల్లుల మధ్య వాడిపోవడం ఎవరు చూడలేదు? 1969లో లారెన్స్ పీటర్, రేమండ్ హల్ కలిసి తెచ్చిన ‘పీటర్ సూత్రం’ అనే పుస్తకం చెప్పింది ఇదే. పని బాగా చేస్తే పైకి పంపుతారు. పంపుతూ పంపుతూ చేతకాని చోటికి చేరుస్తారు. అక్కడే వదిలేస్తారు. వెనక్కి రావడానికి మర్యాదైన దారి ఉంటే ఎంతమంది సంతోషంగా తమ పనికి తిరిగి వచ్చేవారో!

అలాంటి మర్యాద మన చరిత్రలోనే ఉంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ముందు రోజు వరకు ఆంధ్ర రాష్ట్రానికి బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి. ఆయన కింద నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. కొత్త రాష్ట్రంలో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. గోపాలరెడ్డి ఆయన మంత్రివర్గంలో మంత్రిగా చేరారు. నిన్నటిదాకా తన కింద పనిచేసిన మనిషి కింద ఇవాళ తాను. రవీంద్రుడి శాంతినికేతన్లో చదువుకుని, రవీంద్రుడి రచనల్ని తెలుగు చేసిన గోపాలరెడ్డి, పేచీ పెట్టి ఇంట్లో కూర్చోలేదు. ఇంకా పై మెట్టు చూడాలంటే రాజాజీ. 1950 జనవరి దాకా దేశానికి గవర్నర్ జనరల్. అదే ఏడాది నెహ్రూ మంత్రివర్గంలో మంత్రి. 1952లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. గవర్నర్ జనరల్ కుర్చీలోంచి లేచి, ఒక రాష్ట్రాన్ని నడపడానికి వచ్చారు. వీళ్లిద్దరి విషయంలో ఒక తేడా ఉంది. వాళ్లను అడిగారు, వాళ్లు ఒప్పుకున్నారు. ధింగ్రాను ఎవరూ అడగలేదు.

చివరగా ఇటీవలి సంగతి. ఆర్టీసీ బస్సు డ్రైవరుకు ఎర్రదీపం, పచ్చదీపం తేడా తెలియాలి. వైద్య పరీక్షలో రంగులు గుర్తుపట్టలేడని తేలితే స్టీరింగ్ ఇవ్వడం కుదరదు. అందులో వాదనే లేదు, బస్సులో యాభై ప్రాణాలు ఉంటాయి. 2014లో ఉద్యోగంలో చేరిన ఒక డ్రైవరుకు అలాగే తేలింది. వేరే పని ఇవ్వమని అడిగాడు. తెలంగాణ ఆర్టీసీ ఇవ్వలేదు. 2016 జనవరిలో అనారోగ్య కారణం మీద రిటైర్ చేసి పంపేసింది. తొమ్మిదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చింది. రంగులు గుర్తుపట్టలేని డ్రైవర్లకు జీతం తగ్గకుండా వేరే పని చూపిస్తామని 1979లోనే కార్మికులతో యాజమాన్యం ఒప్పందం చేసుకుంది. ఆ మాట ఇంకా చెల్లుతుందని కోర్టు అంది.

ఇక్కడ వికలాంగుల హక్కుల చట్టం కూడా గుర్తు చేసుకోవాలి. 2016లో వచ్చిన ఆ చట్టం ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థలు తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. పోస్టు లేకపోతే అతని కోసం అదనంగా ఒకటి సృష్టించాలి.

ఆ డ్రైవరు కేసులో న్యాయమూర్తులు గట్టిగా పట్టుకున్నది ఒకే ఒక్క విషయం. ఇతనికి సరిపోయే పని మా దగ్గర ఏదైనా ఉందా అని సంస్థ అసలు వెతికిందా? వెతికినట్టు చూపించే కాగితం ఒక్కటీ లేదు. వెతకాల్సిన బాధ్యత సంస్థదే. డిపోలో గ్యారేజీ ఉంది, స్టోర్సు ఉంది, ఆఫీసు ఉంది. చివరికి, రిటైరైన రోజున ఉన్న జీతానికి తగ్గకుండా ఏదో ఒక పోస్టు చూపించమని, బకాయిల్లో నాలుగో వంతు చెల్లించమని కోర్టు ఆదేశించింది. అందుకు ఆర్టీసీకి ఇచ్చిన గడువు 8 వారాలు.